చెరువు నిండిన ఏడు వచ్చిన డూప్లికేటు పడవ

నన్ను సర్వేయరు అంటారు. ఆ మాట వినగానే జనం పొలం కొలిపించుకోవడానికి వస్తారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చెప్పుకుంటూనే ఉన్నాను: అయ్యా, నేను గట్లు కొలిచే సర్వేయరును కాను, ఇన్సూరెన్సు కంపెనీలకూ బ్యాంకులకూ మిషన్లు చూసిపెట్టే సర్వేయరును. ఎవరైనా పాత మిషను కొని దాని మీద బీమా అడిగితే, అది కంపెనీ సరుకా, డూప్లికేటా, ఇంకెన్నాళ్లు నడుస్తుంది అని చూసి రాసివ్వడం నా పని. అంతా ఓపిగ్గా విని, "సరే సార్, మా తూర్పు గట్టు ఎప్పుడు కొలుస్తారు?" అనేవాళ్లు. హిందూపురంలో నా ఆఫీసు ముందు బోర్డు మూడుసార్లు మార్చాను. ఏం లాభం లేదు.

ఈ మధ్య ఈ పనిలోకి వచ్చిన కుర్రవాళ్లు ఇద్దరు ముగ్గురు ఇంటికి వచ్చి, సార్ మీ అనుభవాలు చెప్పండి అంటున్నారు. నోటితో చెబితే మధ్యలో ఫోన్లు చూసుకుంటున్నారు. అందుకే రాస్తున్నాను. లైసెన్సు ఎలా వచ్చింది, ఎవరు సన్మానం చేశారు, అవన్నీ ఇక్కడ ఉండవు. అవి కావాలంటే మా ఆవిడను అడగండి, ఆమెకు గుర్తున్నాయి.

కార్డులు అచ్చేయించాక జాతకాలు

ముందుగా ఒక సంగతి తెలుసుకోండి. మీ దగ్గరకు వచ్చే మనిషి నిజం తెలుసుకోవడానికి రాడు. పెళ్లి కార్డులు అచ్చేయించి, బంధువులకు పంచేసి, అప్పుడు జాతకాలు పట్టుకొచ్చేవాళ్లు ఉంటారే, మనకు వచ్చేవాళ్లంతా వాళ్లే. మిషను కొనేసి ఉంటారు. పసుపు కుంకుమ పెట్టేసి ఉంటారు. ఇంజనుకు నిమ్మకాయల దండ వేలాడుతూ ఉంటుంది. అప్పుడు మనల్ని పిలిచి, కుర్చీ వేసి, టీ ఇప్పించి, "ఒరిజినలే కదా సార్?" అంటారు. ఆ 'కదా'లోనే ఉంది అంతా. ఒరిజినలే అంటే మనంత మేధావి జిల్లాలో లేడు. కాదంటే, "ఈయనకేం తెలుసప్పా" అంటూ ఇంకో సర్వేయరు కోసం వెతుకుతారు. తాగిన టీ కూడా గుర్తు చేస్తారు.

మొదట్లో నాకు దీనికి బాధేసేది. తర్వాత కోపం వచ్చేది. చివరికి విసుగు ఒక్కటే మిగిలింది, అది ఇంకా పోలేదు.

గోపాలరావు గారు నేర్పింది

నాకు పని నేర్పినాయన గోపాలరావు గారు. మనిషి మహా కోపిష్టి. తప్పు చేస్తే జనం ముందరే తిట్టేవారు, బాగా చేస్తే అసలు మాట్లాడేవారు కారు. అందుకని ఆయన మౌనంగా ఉన్న రోజు నేను సంతోషంగా ఇంటికి వెళ్లేవాణ్ణి. ఆయన దగ్గర ఇంకో గుణం కూడా ఉంది, మిషను పేరు చెక్కిన రేకు వైపు కన్నెత్తి చూసేవారు కారు. "ఆ రేకులు బజార్లో అమ్ముతారు. వాడు ఎక్కడ అతికించాడో చూసి నువ్వేం చేస్తావు?" అనేవారు.

ధర్మవరంలో ఒకసారి ఒక షావుకారు పాత జాకార్డు పెట్టెలు తెప్పించాడు. పట్టుచీర అంచులో బొమ్మలు దించడానికి మగ్గం పైన బిగించే ఇనుప చట్రం అది. కంపెనీ పేరు పోతలోనే ఉబ్బెత్తుగా ఉంది. నేను చూసి, బాగానే ఉన్నాయి కదా అనుకున్నాను. కానీ మగ్గం మీద కూర్చున్న నేతగాడు మాత్రం చీర అంచు ఎత్తి చూపించి ఏడుపు మొహం పెట్టాడు.

"ఏం సార్, హంసకు మెడ నిలబడల్యా. ఎంత సరిచేసినా ఆడికొచ్చేసరికి విరిగిపోతాండాది. షావుకారేమో నా చేతి తప్పు అంటాండాడు."

గోపాలరావు గారు ఆ చట్రాలన్నీ కిందికి దింపించి, ఒకదాని పక్కన ఒకటి గోడకు ఆనించి పెట్టించారు. తర్వాత నన్ను పిలిచి, మూల మీద వేలు పెట్టి చూపించారు. ఎప్పుడో విరిగితే వెల్డింగు పెట్టిన బుడిపె ఒకటి ఉంది అక్కడ. పక్క చట్రానికీ అదే చోట అదే బుడిపె. దాని పక్క దానికీ అంతే. విరిగి అతికిన ఒక పాత చట్రాన్ని ఇసుకలో అచ్చు తీసి, మిగతావన్నీ పోతపోశారు. పోసిన ఇనుము చల్లారితే కాస్త కుదించుకుపోతుంది. అందుకే చట్రంలోని సూదులు బొమ్మ అట్టల్లోని బెజ్జాలకు సరిగ్గా అందడం లేదు, హంసకు మెడ నిలబడడం లేదు.

"డూప్లికేటు చేసేవాడు తెలివైనవాడని నువ్వు అనుకుంటున్నావు," అన్నారు గోపాలరావు గారు. "వాడు ఉత్త సోంబేరి, ఒళ్లు వంచడు. దెబ్బ కూడా చెరపడు. మంచి ఎక్కడుందో చూడొద్దు, దెబ్బ ఎక్కడుందో చూడు."

నేతగాడి పేరు నిలబడింది. షావుకారు మాత్రం చట్రాలు మార్చడానికి ఏడాది తిప్పించుకున్నాడు. ఆ ఏడాదంతా ధర్మవరంలో మెడ విరిగిన హంసలే అమ్మాడు, కొన్నవాళ్లు కొన్నారు.

అనంతపురం జిల్లాలో తెరచాప పడవ

ఇక పడవ సంగతి. తొంభైల చివర్లో ఒక ఏడు తుఫాను వానలు పట్టుకుని, మావైపు చెరువులన్నీ నిండాయి. పెనుకొండ దగ్గర ఒక ఊరి చెరువైతే మరువ పారింది, అంటే నిండి పక్కనుంచి నీళ్లు పొర్లిపోయాయి. పిల్లలు పుట్టి పెద్దవాళ్లయ్యారు కానీ ఆ చెరువు మరువ పారడం చూసి ఎరగరు. జనం బస్సులు దిగి వచ్చి చూసి పోతున్నారు.

ఆ ఊరికి దగ్గర్లో ఒక ప్రైవేటు బడి ఉంది. దాని కరస్పాండెంటు వెంకటరమణప్ప. చెడ్డవాడు కాదు. కానీ ఆయనకు ఒక ఆలోచన వచ్చిందంటే ఇక ఎవరూ ఆపలేరు. బెంగళూరు పోయినప్పుడు అక్కడ ఒక చెరువు మీద చిన్న చిన్న పిల్లలు ఒక్కొక్కరే తెరచాప పడవలు నడుపుతుంటే చూశాడట. మన చెరువులోనూ నీళ్లున్నాయి, మన బడిలోనూ పిల్లలున్నారు, ఇక తక్కువేముంది అనుకున్నాడు. సీనప్ప అనే బ్రోకరును పట్టుకున్నాడు. సీనప్ప ఎద్దుల నుంచి జనరేటర్ల దాకా దేన్నయినా ఇప్పిస్తాడు. పడవను కూడా ఇప్పించాడు. విదేశీ కంపెనీది, సెకండ్ హ్యాండు.

ఆ పడవకు బీమా కావాలన్నారు. కంపెనీవాళ్లు నాకు ఫోన్ చేసి, "మీరు చూసి రిపోర్టు ఇవ్వండి," అన్నారు.

"పడవా?" అన్నాను.

"మీ ఏరియాలో ఉంది కాబట్టి మీరే," అన్నారు.

హిందూపురంలో సీనప్ప గోడౌను చింతపండు మండీ వెనకాల ఉంది. అక్కడ బస్తాల మధ్య ఆ పడవ వెల్లకిలా పడి ఉంది. మంచం కంటే కాస్త పొడుగు. ముక్కు కోసుగా లేదు, మొండిగా ఉంది. ఫైబరు ఒళ్లు, తెల్లగా కొత్త రంగు. లోపల వెనక వైపు కంపెనీ రేకు మిలమిలా మెరుస్తోంది. గోపాలరావు గారి శిష్యుణ్ణి కాబట్టి నేను రేకు వైపు చూడలేదు. ఫైబరులోనే అచ్చయి ఉన్న నంబరు మాత్రం రాసుకున్నాను.

సీనప్ప సంబరంగా వెనక పలక మూల చూపించాడు. అక్కడ చంద్రవంకలాగా ఒక దెబ్బ ఉంది.

"చూడు సార్. డూప్లికేటైతే కొత్తగా ఉంటాది. ఇది బాగా తిరిగిన పడవ. యాడో గట్టుకు కొట్టుకున్నట్టుండాది. ఒరిజినలు అనేదానికి ఇంతకన్నా సాక్ష్యమేం గావల్ల?"

నిజం చెబుతున్నాను, ఆ మాట నాకు సబబుగానే తోచింది. పడవల గురించి నాకేం తెలుసు? నేను పుట్టింది మడకశిర దగ్గర. మా ఊళ్లో ఈత నేర్చుకోవాలంటే బావిలో, వీపుకు బెండ్లు కట్టుకుని. "నీళ్లలో వేసి చూద్దాం పదండి," అన్నాను.

సీనప్పా, అక్కడే కూర్చుని ఉన్న వెంకటరమణప్పా ఒక్కసారే గట్టిగా అరిచారు. వెంకటరమణప్ప అయితే కుర్చీలోంచి లేచాడు.

"పూజ గాకుండా నీళ్లలో యాసేదా? ఏం మాట్లాడతాండావప్పా! గంగపూజ రోజు చీరె సారె పెట్టినంక, అప్పుడే తాకల్ల నీళ్లు. కొత్త బండి కొంటే పూజకు ముందు నువ్వు ఎక్కి తిరుగుతావా?"

చెరువు నిండితే ఊరు గంగమ్మకు చీర, గాజులు, పసుపు కుంకుమ ఇచ్చి పూజ చేయడం మావైపు పద్ధతి. అది మంచి పద్ధతే, నాకేం పేచీ లేదు. కానీ నీళ్లలో పడకముందే పడవ మంచిదని రాసివ్వాలట, రాసిచ్చాక నీళ్లలో వేస్తారట. పోనీ పడవలో కూర్చునే పీటల కింద ఏముందో ఒక చిన్న బెజ్జం వేసి చూస్తానన్నాను. "కొత్త పడవకు తూటు పొడుస్తావా?" అని ఈసారి ఇంకా పెద్దగా అరిచారు. నా తల పగిలిపోయింది.

మంచం మీద సెయిలింగు

అక్కడి నుంచి బడికి తీసుకుపోయారు, పిల్లల ట్రైనింగు చూపిస్తామని. పడవ నీళ్లు తాకకూడదు కదా, మరి ట్రైనింగు ఎలా? గ్రౌండులో ఒక నులకమంచం వేశారు. మంచానికి నడుమ ఒక వెదురుబొంగు, దానికి దుప్పటి. డ్రిల్ మాస్టరు జయరాజు ఈల వేస్తే, మంచం మీద కూర్చున్న పిల్ల తాడు లాగి దుప్పటిని అటు తిప్పాలి, ఒళ్లు ఇటు వాల్చాలి. జయరాజు బెంగళూరు నుంచి ఒక పుస్తకం తెచ్చుకుని, రాత్రీ పగలూ చదివి, పిల్లలకు నేర్పుతున్నాడు. నాకు ఆ మంచాన్ని చూసి మొదట నవ్వొచ్చింది. కాసేపు నిలబడి చూశాక నవ్వు పోయింది. పిల్లలు అంత శ్రద్ధగా చేస్తున్నారు.

అందరికంటే బాగా చేసేది జయరాజు కూతురే, సునీత. బక్కపలచగా ఉంది, ఏడో క్లాసు. గాలి ఎటునుంచి వస్తుందో చెంప మీద తెలుస్తుందట ఆ పిల్లకు. నేను చేతిలో కాగితం ఊపి చూస్తుంటే, "పడమటి గాలి సార్," అంది కళ్లు మూసుకునే.

"ఈత వచ్చా తల్లీ?" అన్నాను.

"రాదు సార్. పడవ ఉండాది కదా," అంది.

లైఫ్ జాకెట్లు ఎక్కడని అడిగాను. వెనక లోడులో వస్తాయన్నారు. గంగపూజ రోజు మొదట ఎక్కేది సునీతే అని కూడా అన్నారు, బాగా తిప్పుతుంది కాబట్టి. అప్పటిదాకా నా పనిలో తప్పు జరిగితే చీరలో హంసకు మెడ విరిగేది, లేకపోతే మోటరు కాలేది. ఈసారి ఈత రాని పిల్ల చెరువు నడుమ ఉంటుంది.

అసలు పడవ

మర్నాడే బెంగళూరు బస్సెక్కాను. కుర్రవాళ్లకు చెబుతున్నాను, అసలును చూడకుండా నకలును పట్టుకోలేరు. ఫోటోలు చూసి రాసివ్వకండి. మీ చేత్తో అసలును తడిమి రండి. ఛార్జీలు కంపెనీ ఇవ్వదు, అది వేరే ఏడుపు.

వెంకటరమణప్ప చెప్పిన చెరువు దగ్గరి క్లబ్బులో పడవలు చూసుకునేది నేవీలో చేసి రిటైరైన ఒక కాకినాడ పెద్దమనిషి. సంగతి విని, "అనంతపురంలో పడవాండీ!" అని చాలాసేపు నవ్వారు. నవ్వాక మాత్రం శ్రద్ధగా చూపించారు. పిల్లల పడవలన్నీ బోర్లించి ఉన్నాయి. నేను కింద పడుకుని మరీ చూశాను. నంబరు ఫైబరులో లోతుగా, అంచులు వాడిగా చెక్కి ఉంది. నేను గోడౌనులో చూసినదాని నంబరు అరిగిన సబ్బు మీద అక్షరాల్లా ఉంది. ఇక్కడ పీటల మీద తడితే గట్టి చప్పుడు, లోపల నురుగు దిమ్మలు బిగించి ఉన్నాయి.

"అదేనండీ దీని ప్రాణం," అన్నారాయన. "పిల్లలు వంద సార్లు బోల్తా కొడతారు. నీళ్లు నిండినా పడవ మునగదు. దాన్నే పట్టుకుని తేలుతూ ఉంటే మనం వెళ్లి తెచ్చుకుంటాం. ఆ నురుగు లేకపోతే ఇది పడవ కాదండీ, తొట్టి."

అలా ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతుంటే ఒక పడవ వెనక పలక మూలలో చంద్రవంక కనబడింది. నేను లేచి కూర్చున్నాను. అదే మూల, అదే వంపు. వేలు పెట్టి చూశాను, దెబ్బ లోపల గరుకుగా ఉంది, ఫైబరు పోగులు గుచ్చుకున్నాయి. నంబరు చూశాను, సీనప్ప గోడౌనులో ఉన్నదీ అదే నంబరు.

ఈ పడవ ఎప్పుడైనా బయటికి పోయిందా అని అడిగాను. ఆయన ఆలోచించి చెప్పారు. కిందటేడు ఊరి బయట ఫైబరు నీళ్లట్యాంకులు చేసే ఒకతను రిపేరు చేసి ఇస్తానని తీసుకుపోయాడు. కొన్నాళ్లు ఉంచుకుని, రిపేరు చేయకుండానే తెచ్చిపడేశాడు. ఎందుకు చేయలేదంటే టైము లేదన్నాడట.

బస్సులో తిరిగి వస్తూ గోపాలరావు గారిని తలుచుకున్నాను. దెబ్బ కూడా చెరపని సోంబేరి మళ్లీ దొరికాడు. ఆయన అప్పటికే లేరు, ఉంటే ఏమీ మాట్లాడేవారు కారు.

హిందూపురంలో దిగి నేరుగా గోడౌనుకు పోయాను. చంద్రవంకలో వేలు పెట్టాను. నున్నగా ఉంది, గిన్నె లోపల తడిమినట్టు. దెబ్బ ఆకారం ఉంది కానీ అక్కడ ఎప్పుడూ ఏదీ తగల్లేదు. పీటల మీద తడితే డొల్ల చప్పుడు. హమాలీలను బతిమాలి పడవను పక్కనున్న మండీ కాటా మీద పెట్టించాను. అసలు దానికంటే ఒక బస్తా చింతపండు బరువు ఎక్కువ తూగింది, నీళ్లట్యాంకుకు వేసినట్టు ఫైబరు మందంగా వేశారు. పీటలు ఒంటికి అతికిన చోట జిగురు లేదు, పుట్టీ పెట్టి రంగు వేశారు. గోరుతో గీకితే రాలింది.

రిపోర్టు రాశాను. ఎవరికైనా అర్థమయ్యేలాగా రాశాను. ఇది నకలు, నీళ్లు నిండితే మునుగుతుంది, పిల్లల్ని ఎక్కించకూడదు. ఒక కాపీ కంపెనీకి పంపి, ఇంకొకటి నేనే తీసుకుపోయి వెంకటరమణప్ప చేతిలో పెట్టాను. ఆయన చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇన్సూరెన్సు రాదంటావు. పాయ, వద్దులే. పూజకు అందరినీ పిలిచినాం, టెంటు యాసినాం. రిపోర్టు సంగతి పూజ అయినంక చూద్దాంలేప్పా."

"పూజ అయ్యాక చూసేందుకు పిల్ల ఉండల్ల కదయ్యా!" అని నేను కూడా మా యాసలోకి దిగి అరిచాను.

"శుభమా అని చేస్తాంటే అవేం మాటలు?" అని ఆయన నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇలాంటివాళ్లతో ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు.

జయరాజుకు చెప్పాను. ఆయన తల వంచుకుని విన్నాడు.

"ఎక్కించకపోతే మాస్టరుకే నమ్మకం ల్యాకపాయ అంటారు సార్, ఉద్యోగం పోతాది. ఎక్కిస్తే మీరిట్ల చెప్తాండారు. ఆ పిల్ల రెండు నెల్ల నుంచి నిద్దర్లో కూడా తాడు లాగుతాండాది. దానికి నేనేమని చెప్పల్ల?"

గంగపూజ

పూజ రోజు చెరువు కట్ట మీద ఊరంతా ఉంది. పలక డప్పుల మోత. పడవకు అరటిపిలకలు కట్టారు, తెరచాప మీద పసుపు బొట్లు పెట్టారు. వెంకటరమణప్ప మెడలో దండ. సీనప్ప కొత్త ప్యాంటు వేసుకుని అందరికీ పడవను చూపిస్తున్నాడు. సునీత యూనిఫారంలో, జడలకు రిబ్బన్లతో, తెరచాప తాడు చేత పట్టుకుని నిలబడింది. జయరాజు దూరంగా నిలబడి ఎటో చూస్తున్నాడు. నేను ఇంట్లోనే ఉండాలనుకుని కూడా ఉండలేక వచ్చాను.

గంగమ్మకు చీర వదిలారు. టెంకాయ కొట్టారు. పడవను నీళ్లలోకి తోశారు. అది తేలింది. జనం కేకలు వేశారు. సీనప్ప నా వైపు చూసి నవ్వాడు. తేలుతుందని నాకూ తెలుసు, నీళ్లు లోపలికి పోయేదాకా ఏదైనా తేలుతుంది. అది వందమందికి ఎలా చెప్పడం? రిపోర్టు చదివితే ఎవరు వింటారు?

అప్పుడు నోటికి వచ్చింది అన్నాను, ముందుగా ఆలోచించుకున్నది కాదు. "కొత్త బండికి పూజ చేసినాక మొదట ఎవరు నడపల్ల? తెచ్చినోళ్లా, బడి పిల్లలా?" అని గట్టిగా అడిగాను.

కట్ట మీది గంగమ్మకు రోజూ దీపం పెట్టే ఒక ముసలవ్వ వెంటనే అందుకుంది. "ఔ! తెచ్చినోళ్లే ఎక్కల్ల. ఆడపిల్లను ముందు తోసేదేంది? ఏమప్పా సీనప్పా, ఎక్కు."

"నేనా?" అన్నాడు సీనప్ప. నవ్వు పోయింది. "నేనెందుకవ్వా, పిల్లోల్ల పడవ అది."

"పిల్లోల్లను మోసేది నిన్ను ఒక చుట్టు మొయ్యలేదా? ఎక్కు."

జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. సీనప్ప నీళ్లను చూశాడు, పడవను చూశాడు. "నాకు ఈత రాదవ్వా," అన్నాడు.

"ఈత రానోళ్లకే కదప్పా పడవ!" అంది అవ్వ.

కట్టంతా నవ్వింది. సీనప్ప మాత్రం వెనక్కి అడుగు వేశాడు. ఆ అడుగు చూసి నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగిపోయింది. జయరాజు గబగబా వచ్చి సునీత చేయి పట్టుకున్నాడు. ఇక ఆ చేయి వదల్లేదు.

పరువు పోతుందనుకున్నాడో, నిజంగానే నమ్మాడో తెలియదు, వెంకటరమణప్ప పంచె ఎగ్గట్టి తానే ఎక్కాడు. ఆ విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి. నలుగురు కుర్రాళ్లు తోశారు. కాస్త దూరం పోయింది. గాలికి తెరచాప తిరిగి, కొయ్య ఆయన భుజానికి తగిలింది. పక్కకు ఒరిగాడు. పడవ ఒక అంచు నుంచి నీళ్లు తాగింది. ఆ తర్వాత పీటల సందుల్లోంచి పుట్టీ ఊడి, లోపల గుడగుడమని చప్పుడు వినిపించింది. ఆయన మొలలోతు నీళ్లలో నిలబడ్డాడు. పడవ ఆయన కాళ్ల పక్క నుంచి నెమ్మదిగా అడుక్కి పోయింది. పక్కకు ఒరిగిన తెరచాప కొస మాత్రం నీళ్ల పైన, పసుపు బొట్టుతో కనబడుతూ ఉంది.

డప్పులు ఆగిపోయాయి. నాకు సంతోషం కలగలేదు. కట్ట మీదే కూర్చున్నాను.

కుర్రాళ్లు వెంకటరమణప్పను చేయిపట్టి తీసుకొచ్చారు. మెడలో దండ అలాగే ఉంది. చొక్కా జేబులో నా రిపోర్టు తడిసి ముద్దయింది. ఆయన నేరుగా నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఏమప్పా, ఇంత తెలిసినోడివి, ముందే గట్టిగా చెప్పుండకూడదా?" అన్నాడు.

వృత్తిలో నాకు దొరికిన బహుమానాల్లో ఇదే పెద్దది. మీకూ దొరుకుతుంది, తయారుగా ఉండండి.

వచ్చిందా సార్

పడవను తర్వాత బయటికి లాగి బడి గేటు దగ్గర పెట్టారు. మట్టి నింపి బంతిచెట్లు నాటారు. బాగా పూస్తాయి. కొత్తవాళ్లు వస్తే వెంకటరమణప్ప దాన్ని చూపించి, "ఇది ఫారిన్ పడవ," అంటాడని విన్నాను. అడ్డం చెప్పడానికి నాకు ఓపిక లేదు. సీనప్ప కొన్నాళ్లకు కనబడటం మానేసి, ఆ తర్వాత మళ్లీ కనబడ్డాడు, ఈసారి సోలార్ దీపాలతో.

కానీ ఆ రోజు కట్ట మీద ఇంకొకటి జరిగింది. అందరూ వెళ్లిపోతున్నారు. సునీత నా దగ్గరకు వచ్చింది. తనకు ఏం తప్పిపోయిందో ఆ పిల్లకు తెలియనే తెలియదు. భయం లేదు ముఖంలో. ఏడుపు మాత్రం ఉంది.

"ఇది డూప్లికేటంట కదా సార్. అసలుది ఎప్పుడొస్తాది?"

"తొందర్లోనే వస్తుందమ్మా," అన్నాను. ఇంకేమనాలి?

నకలు సరుకుతో వచ్చే నష్టం గురించి నేను ఎన్నో రిపోర్టులు రాశాను. ఈ నష్టాన్ని ఏ రిపోర్టులోనూ రాయలేదు. ఒకసారి నకలు వచ్చి పోయాక, ఆ ఊళ్లో అసలు గురించి ఇక ఎవరూ మాట్లాడరు. పడవలు మనకు అచ్చిరావు అన్నారు. బడిలో జయరాజు పుస్తకాన్ని బీరువాలో పెట్టించారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎండాకాలం వచ్చేసరికి చెరువు అడుగంటింది. కాలిపోయిన బోరు మోటరు ఒకటి చూడటానికి అదే ఊరికి పోతూ కట్ట మీద బండి ఆపాను. చెరువు నడుమ, నెర్రెలిచ్చిన బురద మీద నులకమంచం ఉంది. వెదురుబొంగు, దుప్పటి. నలుగురు పిల్లలు దాని చుట్టూ. మంచం మీద సునీత తాడు లాగుతూ ఒళ్లు వాల్చింది, దుప్పటి గాలికి నిండుగా ఉబ్బింది.

నన్ను గుర్తుపట్టింది. తాడు వదలకుండానే, అంత దూరం నుంచి కేకేసింది.

"వచ్చిందా సార్?"

రాలేదని చెయ్యి ఊపి, మోటరు చూడటానికి పోయాను.